మోటారు ఫోకసర్: ఎంచుకోవడం, బిగించడం, ఆటోఫోకస్ దాకా తీసుకెళ్లడం

"మోటారు కొన్నాను, బిగించాను, అయినా ఫొటోల్లో నక్షత్రాలు మసకగానే వస్తున్నాయి. ఎందుకు?" ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతున్నారు. కొందరి టెలిస్కోపులు దగ్గరగా చూశాక తేలింది ఏమిటంటే, తప్పు మోటారులో ఉండేది చాలా తక్కువ. కెమెరాను లోపలికీ బయటికీ జరిపి నక్షత్రాలను స్పష్టంగా తెచ్చే భాగం ఫోకసర్. మోటారు చేసేది ఒక్కటే పని. మన చెయ్యి తిప్పే నాబ్‌ను అది తిప్పుతుంది. నాబ్ వెనక వదులు ఉంటే ఆ వదులును కూడా అంతే శ్రద్ధగా తిప్పుతుంది.

అందుకే ఇక్కడ కొనడం మూడో అంచెలో వస్తుంది. మొదటి రెండు అంచెలకు పైసా ఖర్చు లేదు. వాటిని దాటేసి నేరుగా బిగింపులోకి వెళ్లొద్దని గట్టిగా చెబుతున్నాను.

మన తిరుపతి, చిత్తూరు వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల మబ్బులు ఉంటాయి. ఆకాశం కనబడని ఆ సాయంత్రాల్లో ఈ పని పెట్టుకోండి. ఇంట్లో రెండు సాయంత్రాలు, మిద్దె మీద ఒక రాత్రి చాలు. జనవరిలో ఆకాశం తేటపడేసరికి టెలిస్కోపు సిద్ధంగా ఉంటుంది.

1. ముందు ఫోకసర్ ఎలా ఉందో చూడండి

మీది ఏ రకమో తెలుసుకోండి. డ్రాట్యూబ్ (ఫోకసర్‌లో లోపలికీ బయటికీ జరిగే గొట్టం) మీద పళ్ల పట్టీ కనబడితే అది ర్యాక్ అండ్ పినియన్. పళ్లు లేకుండా నున్నటి పట్టీ మీద ఉక్కు కడ్డీ ఒరుసుకుంటూ తిరిగితే అది క్రేఫోర్డ్. మోటారుకు మొదటిదే నమ్మకమైనది. క్రేఫోర్డ్ కూడా పనిచేస్తుంది కానీ బరువు ఎక్కువైతే జారుతుంది. అది జారిన సంగతి మోటారుకు తెలియదు.

ఇప్పుడు జారుడు పరీక్ష. ఫొటో తీసేటప్పుడు ఏమేం తగిలిస్తారో అన్నీ తగిలించండి: ఫ్లాటెనర్ (ఫొటో అంచుల్లోనూ నక్షత్రాలను సరిచేసే కటకం), ఫిల్టర్ వీల్ (ఫిల్టర్లు మార్చే చక్రం), కెమెరా. టెలిస్కోపును దాదాపు నిట్టనిలువుగా పైకి పెట్టి, లాక్ స్క్రూ వదులు చేయండి. డ్రాట్యూబ్ బయటికి వచ్చే చోట పెన్సిలుతో సన్నటి గీత గీయండి. అరగంట తర్వాత గీత కదిలిందా? తర్వాత నాబ్ తిప్పుతూ కెమెరాను లోపలికి, అంటే పైకి లేపండి. నాబ్ తిరుగుతూ గొట్టం ఆగిపోతుంటే జారుతున్నట్టే. టెన్షన్ స్క్రూను పావు చుట్టు బిగించి మళ్లీ చూడండి.

టెన్షన్ స్క్రూ, లాక్ స్క్రూ రెండూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి చాలామంది ఒకదాన్ని ఇంకొకటి అనుకుంటారు. మొదటిది కడ్డీకీ గొట్టానికీ మధ్య పట్టును సరిచేస్తుంది. రెండోది గొట్టాన్ని కదలకుండా పట్టేస్తుంది. మోటారు పెట్టాక ఫోకస్ చేసేటప్పుడు లాక్ స్క్రూతో మనకు పని ఉండదు.

ఊగుడు కూడా చూడాలి. డ్రాట్యూబ్ చివర రెండు వేళ్లతో పట్టుకుని పక్కలకు మెల్లగా కదపండి. "టిక్" మన్నట్టు చేతికి తెలిస్తే లోపల బేరింగులు వదులుగా ఉన్నాయని. ఫోకసర్ మీద ఉండే చిన్న సర్దుబాటు స్క్రూలను కొద్దికొద్దిగా, అన్నింటినీ సమానంగా బిగిస్తే అది పోతుంది.

శుభ్రం చేసేటప్పుడు ఒక్క జాగ్రత్త. గట్టిగా తిరుగుతోందని క్రేఫోర్డ్‌లో కుట్టుమిషను నూనె వేసిన వాళ్లను చూశాను. క్రేఫోర్డ్ నడిచేదే ఒరిపిడి మీద. నూనె పడితే ఆ ఒరిపిడి పోతుంది. కడ్డీని, పట్టీని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డతో తుడిచి పొడిగా ఉంచండి. ర్యాక్ అండ్ పినియన్ అయితే పాత జిడ్డు తీసేసి, పళ్ల మీద తెల్ల లిథియం గ్రీజు పలచగా రాస్తే చాలు.

ఈ అంచె పూర్తయిందనడానికి:
- మొత్తం బరువుతో గొట్టం జారడం లేదు
- నాబ్ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే బరువుతో తిరుగుతోంది, మధ్యలో పట్టెయ్యడం లేదు
- పక్కలకు ఊగడం లేదు

మూడూ సరే అనుకుంటేనే ముందుకు. కాకపోతే ఆ డబ్బు ముందు మంచి ఫోకసర్ మీద పెట్టండి. మోటారు తర్వాత.

2. కొలతలు

ఒక కాగితం తీసుకుని ఈ నాలుగూ రాసుకోండి.

బరువు: ఫ్లాటెనర్ నుంచి కెమెరా దాకా అన్నీ కలిపి వంటింటి కాటా మీద పెట్టండి. అంచనాగా చెప్పుకునే బరువు ఎప్పుడూ తక్కువే వస్తుంది.

ఇరుసు వ్యాసం: నాబ్ తీశాక కనిపించే ఇరుసును వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. 4, 5, 6 మి.మీ. ఎక్కువగా కనిపిస్తాయి. 6 అనుకుని కొన్న కప్లర్ (మోటారు ఇరుసును ఫోకసర్ ఇరుసుకు కలిపే ముక్క) 5 మీద పడితే ఎంత బిగించినా ఒక పక్కకే ఒరుగుతుంది.

ఒక చుట్టుకు ప్రయాణం: పెద్ద నాబ్‌ను సరిగ్గా ఒక చుట్టు తిప్పితే డ్రాట్యూబ్ ఎంత కదిలిందో కొలవండి. లెక్కలన్నీ దీని మీదే ఆధారపడతాయి. ఉదాహరణకు 18 మి.మీ. అనుకుందాం.

ఎఫ్ సంఖ్య: టెలిస్కోపు ఫోకల్ పొడవును దాని ప్రధాన కటకం లేదా అద్దం వ్యాసంతో భాగిస్తే వచ్చేది. రెడ్యూసర్ (ఫోకల్ పొడవును తగ్గించే కటకం) వాడుతుంటే దాని తర్వాతి సంఖ్య తీసుకోండి.

ఎఫ్ సంఖ్య ఎందుకంటే, ఫోకస్ అనేది ఒక బిందువు కాదు, ఒక చిన్న మందం. ఆ మందంలో ఎక్కడున్నా నక్షత్రం బాగానే ఉంటుంది. దీన్నే క్రిటికల్ ఫోకస్ జోన్ అంటారు. ఎక్కువగా వాడే సూత్రం: 4.88 × కాంతి తరంగదైర్ఘ్యం × ఎఫ్ సంఖ్య వర్గం. ఆకుపచ్చ కాంతికి 0.55 మైక్రాన్లు వేసుకుంటే:

- ఎఫ్/4కు 43 మైక్రాన్లు
- ఎఫ్/5కు 67
- ఎఫ్/6కు 97
- ఎఫ్/7కు 132
- ఎఫ్/10కు 268

అంటే ఎఫ్/4 టెలిస్కోపులో మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు కూడా లేని మందంలో కెమెరా నిలబడాలి. చలిలో, చీకట్లో, చేత్తో రాత్రంతా అక్కడ పట్టి ఉంచడం ఎవరి వల్లా కాదు. మోటారు అవసరం అక్కడే మొదలవుతుంది.

3. ఏ మోటారు?

స్టెప్పర్ మోటారే తీసుకోండి, అది లెక్కపెట్టిన చిన్న చిన్న స్టెప్పుల్లో తిరుగుతుంది. బొమ్మ కార్లలో ఉండే మామూలు డీసీ మోటారుకు తానెంత తిరిగిందో లెక్క ఉండదు. బటన్ నొక్కి ముందుకూ వెనక్కూ తిప్పుకోవడానికి పనికొస్తుంది కానీ ఆటోఫోకస్‌కు సరిపోదు.

తర్వాత ఒక భాగహారం చేయండి. చుట్టుకు ప్రయాణాన్ని మోటారు చుట్టుకు వేసే స్టెప్పులతో భాగించండి. జెడ్‌డబ్ల్యూఓ కంపెనీ ఫోకసర్ మోటారు ఈఏఎఫ్ చుట్టుకు 5760 స్టెప్పులు వేస్తుంది. మన ఉదాహరణలో 18,000 మైక్రాన్లను 5760తో భాగిస్తే స్టెప్పుకు 3.1 మైక్రాన్లు. ఎఫ్/6లో 97 మైక్రాన్ల జోన్‌లో దాదాపు 31 స్టెప్పులు పడతాయి. జోన్‌లో పది స్టెప్పులు పడితే చాలు అన్నది నేను పెట్టుకున్న కొలత. 31 అంటే నిశ్చింత.

సొంతంగా చేసుకునేవాళ్లు 28బీవైజే-48 అనే చిన్న 5 వోల్టుల మోటారు వాడతారు. ఆర్డునో అనే చిన్న కంట్రోలర్ బోర్డుతో చవకగా అయిపోతుంది. చుట్టుకు సుమారు 2048 స్టెప్పులు, అంటే ఇక్కడ స్టెప్పుకు 8.8 మైక్రాన్లు. ఎఫ్/6కు 11 స్టెప్పులు, సరిపోతుంది. ఎఫ్/4కు ఐదే, చాలదు. దాని లోపలి చిన్న గేర్లకు వదులు ఎక్కువ, బలం తక్కువ. తేలిక కెమెరాకు మాత్రమే పెట్టండి. ఇక 3డీ ప్రింటర్లలో కనిపించే నెమా 17 మోటారు చాలా బలమైనది కానీ గేర్‌బాక్సు లేకుండా చుట్టుకు 200 స్టెప్పులే. స్టెప్పుకు 90 మైక్రాన్లు వస్తుంది, ఒక్క అడుగులోనే ఎఫ్/6 జోన్ దాదాపు అయిపోతుంది. గేర్‌బాక్సు ఉన్నదే తీసుకోండి.

మోయగల బరువు మీరు కాటా మీద చూసినదానికి రెండింతలైనా ఉండాలి. ఈఏఎఫ్‌కు తయారీదారు చెప్పే హద్దు 5 కిలోలు, మామూలు సెటప్‌లకు ఇది చాలు.

కరెంటు సంగతి కొనేముందే చూడండి. ఈఏఎఫ్ పాత రకానికి యూఎస్‌బీతో పాటు 12 వోల్టులు విడిగా ఇవ్వాలి. 5 వోల్టుల రకం యూఎస్‌బీ మీదే నడుస్తుంది. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు ఏ రకమో అడిగి తెలుసుకోండి.

సాఫ్ట్‌వేర్ విషయానికి వస్తే, విండోస్ లాప్‌టాప్‌లో నీనా (కెమెరాను, ఫోకస్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లకు ఆస్కామ్ డ్రైవర్ (మోటారును సాఫ్ట్‌వేర్‌కు కలిపేది) ఉన్న ఏ మోటారైనా సరే. లినక్స్‌లో అలాంటిదే అయిన ఈకాస్ వాడితే ఇండి అనే రకం డ్రైవర్ ఉందో లేదో చూడండి. లాప్‌టాప్ బదులు జెడ్‌డబ్ల్యూఓ వాళ్ల ఏఎస్ఐఎయిర్ పెట్టె వాడేవాళ్లు ఈఏఎఫ్‌నే తీసుకోవాలి.

ష్మిట్-కాసెగ్రెయిన్ టెలిస్కోపు (రెండు అద్దాలతో పొట్టిగా ఉండే రకం) లెక్క వేరు. అక్కడ నాబ్ తిప్పితే కదిలేది ప్రధాన అద్దం. ఎఫ్/2 అద్దాన్ని రెండో అద్దం ఎఫ్/10గా మారుస్తుంది కాబట్టి, ప్రధాన అద్దం కొద్దిగా కదిలితే ఫోకస్ దాదాపు 26 రెట్లు కదులుతుంది. నాబ్ స్థానంలో కూర్చునే, ఆ మోడల్ కోసమే చేసిన మోటారునే కొనండి. ఇక్కడ సొంత ప్రయోగాలు వద్దు.

4. బిగించడం

కావలసినవి: 1.5, 2, 2.5, 3 మి.మీ. ఆలెన్ కీలు, కాలిపర్, సన్నటి ఆకురాయి, పర్మనెంట్ మార్కర్, టార్చి, స్క్రూలు వేసుకోవడానికి ఒక స్టీలు పళ్లెం.

టెలిస్కోపును మౌంట్ మీద నుంచి దించి మంచం మీద దుప్పటి పరిచి పడుకోబెట్టండి. ముందు మూత పెట్టండి, కెమెరా తీసేయండి, డ్రాట్యూబ్ పూర్తిగా లోపలికి నెట్టండి. విప్పేముందు ఫోనులో నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీసుకోండి.

4.1 ఏ పక్క? రెండు వేగాల ఫోకసర్‌కు ఒక పక్క పెద్ద నాబ్ ఒక్కటే ఉంటుంది, ఇంకో పక్క పెద్దదానికి తోడు చిన్న 10:1 నాబ్ ఉంటుంది. మోటారు ఒంటి నాబ్ పక్కనే పెట్టాలి. సన్నగా కదులుతుంది కదా అని చిన్న నాబ్‌కు తగిలించాలనిపిస్తుంది. ఆ చిన్న నాబ్ లోపల ఉన్నవి ఒరిపిడితో నడిచే గోళీలు. బరువు పడితే జారతాయి, మోటారు లెక్క తప్పుతుంది. సన్నటి కదలిక మనకు స్టెప్పుల వల్ల ముందే వచ్చేసింది.

4.2 నాబ్ తీయడం. నాబ్ పక్కన చిన్న రంధ్రంలో గ్రబ్ స్క్రూ (తల లేని చిన్న స్క్రూ) ఉంటుంది. కొన్నింటికి పైన మూత ఉంటుంది, దాన్ని గోటితో లేపితే వస్తుంది. ఆలెన్ కీ పూర్తిగా దిగిందని వేలికి తెలిశాకే తిప్పండి. సగం దిగిన కీతో తిప్పితే ఆరు మూలలూ అరిగిపోతాయి, ఆ తర్వాత డ్రిల్లు తప్ప దారి లేదు. రెండు చుట్లు వదులు చేస్తే చాలు, పూర్తిగా బయటికి తీయకండి. బియ్యపు గింజంత ఉంటుంది, జారి గొట్టంలో పడితే వెతకడానికి ఒక పూట పడుతుంది. రాకపోతే బలవంతం చేయకండి. లోపల జిగురు వేసి ఉంటారు. సోల్డరింగ్ ఐరన్ మొనను స్క్రూకు ఒక నిమిషం ఆనిస్తే మెత్తబడుతుంది.

4.3 ఇరుసు సిద్ధం చేయడం. పాత స్క్రూ కరిచిన చోట ఇరుసు మీద చిన్న గరుకు లేచి ఉంటుంది. గోరుతో రాస్తే తగులుతుంది. ఆకురాయితో రెండు మూడు సార్లు మెల్లగా రుద్ది, ఆల్కహాల్‌తో తుడవండి. జిడ్డు ఉంటే కప్లర్ జారుతుంది.

4.4 బ్రాకెట్. మీ ఫోకసర్‌కు తగిన బ్రాకెట్ మోటారుతో రాకపోతే లేత్ షాపులో చేయించుకోవచ్చు. 3 మి.మీ. మందం అల్యూమినియం ఎల్ యాంగిల్ సరిపోతుంది. నేను మొదటిసారి తిరుపతిలో ఒక చిన్న లేత్ షాపుకు బొమ్మ గీసుకుని వెళ్లాను. అక్కడి పెద్దాయన కాగితం చూసి, "సామీ, రంధ్రం గుండ్రంగా కొడితే మీరు మళ్లీ నా దగ్గరికే వస్తారు. కోలగా కొడతా, అటూ ఇటూ జరుపుకోండి" అన్నాడు. అప్పటి నుంచి ఎవరికి చెప్పినా కోల రంధ్రాలే చెబుతున్నాను. అర మిల్లీమీటరు తేడాను సర్దుకునే వీలు అదొక్కటే ఇస్తుంది.

3డీ ప్రింట్ చేయించేవాళ్లు పీఎల్‌ఏ ప్లాస్టిక్ వాడొద్దు. అది దాదాపు 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మన దగ్గర మే నెలలో బయటే 40 దాటుతుంది, ఎండలో తలుపులు మూసి ఉన్న కారులో ఆ 60 ఎంతో దూరం కాదు. పీఈటీజీ కానీ, అల్యూమినియం కానీ చూసుకోండి.

4.5 బోల్టు పొడవు. ఇది నాకు ఎక్కువగా కనిపించిన తప్పు. బ్రాకెట్‌ను ఫోకసర్ అడుగున ఉన్న రంధ్రాలకు బిగిస్తాం. బోల్టు రెండు మిల్లీమీటర్లు పొడవెక్కువైతే దాని మొన లోపలికి వెళ్లి డ్రాట్యూబ్‌ను గీకుతుంది, లేదా కదలకుండా పట్టేస్తుంది. వేళ్లతో తిప్పి చివరి దాకా పెట్టి, నాబ్‌తో గొట్టాన్ని మొత్తం ముందుకూ వెనక్కూ నడపండి. లోపలికి టార్చి వేసి చూడండి. పొడవైతే వాషర్ వేయండి లేదా చిన్న బోల్టు తెచ్చుకోండి.

4.6 జోడించే వరస. వరస తప్పితే మోటారు వంకరగా కూర్చుంటుంది.

1. కప్లర్‌ను మోటారు ఇరుసుకు తొడగండి. మోటారు ఇరుసు మీద చదునుగా ఉన్న వైపుకు గ్రబ్ స్క్రూ రావాలి. బిగించండి.
2. బ్రాకెట్‌ను ఫోకసర్‌కు, మోటారును బ్రాకెట్‌కు వేళ్ల బిగువుతోనే పెట్టండి. అన్నీ కొంచెం కదులుతూ ఉండాలి.
3. కప్లర్ రెండో కొసను ఫోకసర్ ఇరుసుకు తొడగండి. లోపల రెండు ఇరుసుల కొసలూ తగలకుండా ఒక మిల్లీమీటరు ఖాళీ ఉంచండి. బిగించండి.
4. ఇప్పుడు మోటారు తనకు సరిపడే చోటు తనే వెతుక్కుంటుంది. అక్కడే పట్టుకుని బ్రాకెట్ బోల్టులను ఒకటి మార్చి ఒకటి, కొద్దికొద్దిగా బిగించండి.
5. కరెంటు ఇచ్చి సాఫ్ట్‌వేర్ నుంచి రెండు చుట్లు నడపండి. మోటారు తల ఊపుతున్నట్టు పైకీ కిందికీ కదిలితే ఇరుసులు ఒకే గీతలో లేవు. ఈ వరసలోని 4వ పని మళ్లీ చేయండి.

4.7 మార్కర్ గీత. కప్లర్ మీద నుంచి ఫోకసర్ ఇరుసు మీదికి ఒకే సన్నటి గీత గీయండి. మోటారు వైపు కూడా ఇంకొకటి. కప్లర్ ఎప్పుడైనా జారితే గీత రెండు ముక్కలుగా విడిపోయి కనబడుతుంది. అర నిమిషం పని, తర్వాత ఎన్నో రాత్రులు కాపాడుతుంది.

4.8 లాక్ స్క్రూ వదలండి. చిత్తూరు దగ్గర బంధువుల మామిడితోటలో ఒక రాత్రి ఆటోఫోకస్ మొదలుపెట్టాను. తెర మీద అంకెలు మారుతున్నాయి, నక్షత్రాలు మాత్రం మారడం లేదు. డ్రైవర్ మార్చాను, కేబుల్ మార్చాను. ముప్పావుగంట పోయాక టార్చి వేసి చూస్తే కప్లర్ గీత విడిపోయి ఉంది. ప్రయాణంలో గొట్టం కదలకూడదని బిగించిన లాక్ స్క్రూ అలాగే ఉండిపోయింది. స్టెప్పర్ మోటారు తాను పంపిన స్టెప్పులే లెక్కపెడుతుంది, గొట్టం నిజంగా కదిలిందో లేదో దానికి తెలియదు. ఇప్పుడు ప్రయాణంలో ఆ స్క్రూకు ఎర్ర దారం కడతాను. దారం కనిపిస్తే లాక్ ఉన్నట్టు.

బిగించాక నాబ్‌ను చేత్తో తిప్పొద్దు. బలవంతంగా తిప్పితే కప్లర్ జారుతుంది, లేదా మోటారు గేర్లు దెబ్బతింటాయి.

5. కేబుళ్లు, కరెంటు

కేబుల్ బరువు డ్రాట్యూబ్ మీద పడకూడదు. కెమెరా, మోటారు కేబుళ్లన్నీ టెలిస్కోపు గొట్టానికి ఒకచోట జిప్ టైతో కట్టి, అక్కడి నుంచి కెమెరాకు కొంచెం వదులు వదలండి. డ్రాట్యూబ్ చివరి దాకా బయటికి వచ్చినా కేబుల్ లాగకూడదు.

యూఎస్‌బీ 2.0 కేబుల్ 5 మీటర్లు దాటొద్దు. హబ్ వాడితే దానికి విడిగా కరెంటు ఉండాలి. 12 వోల్టుల ప్లగ్గుకు మధ్య పిన్ను పాజిటివ్ అవునో కాదో, మోటారు మీద రాసింది చూసి మరీ పెట్టండి.

6. సున్నా, చివరి హద్దు

గొట్టాన్ని మోటారుతోనే లోపలికి నడపండి, చివర తగలడానికి ఒకటి రెండు మిల్లీమీటర్ల ముందే ఆపండి. ఆ చోటును సాఫ్ట్‌వేర్‌లో సున్నాగా పెట్టండి. తర్వాత బయటికి నడిపి, ఆ చివరకూ రెండు మిల్లీమీటర్ల ముందు ఆపి, అప్పటి అంకెను గరిష్ఠ హద్దుగా రాయండి.

"బయటికి" అంటే గొట్టం నిజంగా బయటికే వస్తోందా? లోపలికి వెళ్తే రివర్స్ ఆప్షన్ నొక్కండి. ఈ హద్దులు లేకపోతే ఏదో ఒక రాత్రి మోటారు గొట్టాన్ని చివరకు గుద్ది, అక్కడే తిరుగుతూ ఉంటుంది.

7. బ్యాక్‌లాష్ కొలవడం

దిక్కు మారినప్పుడు గేర్ల మధ్య వదులు నిండేదాకా మోటారు తిరుగుతుంది, గొట్టం కదలదు. ఆ పోయిన స్టెప్పులే బ్యాక్‌లాష్. దీన్ని అంచనాతో వేసేవాళ్లే ఎక్కువ, కానీ కొలవడం కష్టం కాదు.

లేత్ పనివాళ్ల దగ్గర ఉండే డయల్ గేజ్ ఒకటి తెచ్చుకోండి, మిల్లీమీటరులో నూరో వంతు చూపిస్తుంది. దాని మొనను డ్రాట్యూబ్ చివరకు ఆనించి కదలకుండా నిలపండి. కెమెరా బరువు ఉండగానే కొలవాలి.

1. సాఫ్ట్‌వేర్‌లో బ్యాక్‌లాష్ సున్నా చేసి, 500 స్టెప్పులు బయటికి నడపండి.
2. గేజ్ ముల్లును సున్నా చేయండి.
3. ఇప్పుడు పదేసి స్టెప్పులు లోపలికి వేస్తూ, ముల్లు మొదటిసారి కదిలేదాకా లెక్కపెట్టండి.
4. మూడుసార్లు చేసి, ఎక్కువ వచ్చిన అంకె తీసుకోండి.

నీనాలో ఓవర్‌షూట్ పద్ధతి పెట్టుకోండి. బయటి వైపు పెట్టెలో మీ కొలత కంటే కొంచెం ఎక్కువ వేయండి, 60 వస్తే 100 వేసినా ఇబ్బంది లేదు. లోపలి వైపు పెట్టెలో సున్నా ఉండాలి. అప్పుడు మోటారు బయటికి వెళ్లిన ప్రతిసారీ కావలసినదానికంటే ముందుకెళ్లి, వెనక్కి లోపలికి వచ్చి ఆగుతుంది. చివరి కదలిక ఎప్పుడూ ఒకే దిక్కున ఉంటుంది. వక్రీభవన టెలిస్కోపు (ముందు కటకం ఉండే రకం) పైకి చూస్తున్నప్పుడు లోపలికి అంటే కెమెరాను పైకి లేపడమే. బరువు పళ్లను ఒకే వైపు నొక్కి ఉంచుతుంది కాబట్టి వదులు తనంతట తానే పోతుంది.

ష్మిట్-కాసెగ్రెయిన్‌లో చివరి కదలిక అద్దాన్ని పైకి నెట్టే దిక్కున ఉండాలి. సెలెస్ట్రాన్ వాటిలో అది గడియారానికి వ్యతిరేక దిక్కు.

8. మొదటి రాత్రి

ఊళ్లో వెలుగు ఉన్నా పరవాలేదు, ఫోకస్ నేర్చుకోవడానికి సొంత మిద్దె చాలు. టెలిస్కోపును గంట ముందే బయట పెట్టండి. పగలంతా ఎండకు కాగిన స్లాబు సాయంత్రం చాలాసేపు వేడి వదులుతూనే ఉంటుంది. ఆ వేడిలో నక్షత్రాలు ఉడికినట్టు కదులుతాయి, ఏ ఆటోఫోకస్సూ నిలబడదు.

ముందు చేతి ఫోకస్: చలికాలమైతే రోహిణినో ఆర్ద్రనో చూసి, టెలిస్కోపు ముందు బాటినోవ్ మాస్కు (సన్నటి చీలికలున్న మూత) పెట్టండి. నక్షత్రం చుట్టూ మూడు గీతలు వస్తాయి. మోటారును కొద్దికొద్దిగా నడిపి, మధ్య గీత మిగతా రెండింటికి సరిగ్గా నడుమ వచ్చాక ఆపండి. ఆ అంకె రాసుకోండి. మాస్కు తీసేయండి, చాలామంది దాన్ని మరిచిపోయి ఆటోఫోకస్ మొదలుపెడతారు.

తర్వాత 50, 60 డిగ్రీల ఎత్తులో, మధ్యస్థ కాంతి నక్షత్రాలు బాగా ఉన్న చోటికి తిప్పండి. దిగంతం దగ్గర వద్దు. తిరుపతి నుంచి అగస్త్య నక్షత్రం ఎంత పైకి వచ్చినా 24 డిగ్రీలు దాటదు, ఒమెగా సెంటారి గుచ్ఛం 29 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. అక్కడ గాలి పొర మందం. ఇలాంటి వాటిని తీయాలనుకుంటే ఫోకస్ పైన చేసుకుని కిందికి దిగండి.

మొదటి అమరికలు:
- ఎక్స్‌పోజర్ 4 సెకన్లు. నారోబ్యాండ్ ఫిల్టరైతే (చాలా కొద్ది కాంతినే వదిలేది) ఇంకా పెంచాలి
- స్టెప్ సైజు: మీ ఫోకస్ జోన్‌లో పట్టే స్టెప్పులంత. మన ఉదాహరణలో 30
- ఫోకస్‌కు ప్రతి వైపు 4 బిందువులు, అంటే ఫొటో తీసే చోట్లు

సాఫ్ట్‌వేర్ ఒక్కో చోట ఫొటో తీసి నక్షత్రాల సగటు సైజు, అంటే హెచ్‌ఎఫ్‌ఆర్ (నక్షత్రం కాంతిలో సగం పట్టే వ్యాసార్ధం), కొలుస్తుంది. అంకెలన్నీ కలిపితే తెర మీద వి ఆకారం రావాలి. చివరి బిందువుల్లో హెచ్‌ఎఫ్‌ఆర్ అడుగున ఉన్నదానికి మూడింతలు ఉంటే స్టెప్ సైజు సరిపోయినట్టు. అంతకంటే తక్కువైతే పెంచండి. నక్షత్రాలు పెద్ద ఉంగరాల్లా అయిపోయి లెక్కకే అందకపోతే తగ్గించండి.

అలాగే మూడుసార్లు నడపండి. మూడు ఫలితాలూ మీ జోన్ లోపల, అంటే మన ఉదాహరణలో 31 స్టెప్పుల లోపల, ఒకదానికొకటి దగ్గరగా వస్తే బిగింపు బాగుందని అర్థం.

9. సరిగా రాకపోతే

అంకె మారుతోంది, నక్షత్రం మారడం లేదు: లాక్ స్క్రూ చూడండి, తర్వాత మార్కర్ గీత. క్రేఫోర్డ్ అయితే టెన్షన్.

వి మొదటి కొమ్మ చదునుగా పోయి, తర్వాత కిందికి దిగుతోంది: బ్యాక్‌లాష్ తక్కువ వేశారు. ఓవర్‌షూట్ అంకె పెంచండి.

ఒకే కొమ్మ వస్తోంది: అసలు ఫోకస్‌కు చాలా దూరంలో మొదలుపెట్టారు. మాస్కుతో రాసుకున్న అంకెకు వెళ్లి మళ్లీ నడపండి.

బిందువులు చెదిరిపోయి ఉన్నాయి: గాలి, పల్చటి మబ్బు, తక్కువ ఎక్స్‌పోజర్. ముందు ఎక్స్‌పోజర్ 8 సెకన్లు చేసి చూడండి. అప్పటికీ మారకపోతే ఆ రాత్రి గాలి బాలేదు, మోటారును విప్పకండి.

మౌంట్ అటు నుంచి ఇటు తిరిగాక ఫోకస్ పోతోంది: డ్రాట్యూబ్ ఒక పక్కకు ఒరుగుతోంది. మొదటి అంచెలోని ఊగుడు పరీక్షకు వెళ్లండి. ఈలోగా తిరిగిన వెంటనే ఆటోఫోకస్ చేసేలా పెట్టుకోండి.

బిగించాక ఒక మూల నక్షత్రాలు సాగుతున్నాయి: కేబుల్ లాగుతోందా, బ్రాకెట్ బోల్టు గొట్టాన్ని నొక్కుతోందా, ఈ రెండూ చూడండి.

మధ్యమధ్యలో కనెక్షన్ పోతోంది: నా అనుభవంలో ఎక్కువసార్లు కేబులే. తర్వాత హబ్, తర్వాత లాప్‌టాప్ యూఎస్‌బీని నిద్రపుచ్చే పవర్ సెట్టింగ్.

10. రాత్రంతా ఫోకస్ నిలపడం

చల్లబడేకొద్దీ టెలిస్కోపు గొట్టం కుంచించుకుపోతుంది. అల్యూమినియం మీటరుకు, డిగ్రీకి 23 మైక్రాన్లు తగ్గుతుంది. 700 మి.మీ. గొట్టానికి డిగ్రీకి 16 మైక్రాన్లు. ఎఫ్/6లో 97 మైక్రాన్ల జోన్ నట్టనడుమ మొదలుపెట్టినా, మూడు డిగ్రీలు పడిపోయేసరికి అంచుకు వచ్చేస్తాం. చలికాలంలో హార్స్‌లీ హిల్స్ మీదో పలమనేరు వైపో సాయంత్రానికీ తెల్లవారుజాముకూ మధ్య మూడు డిగ్రీలు పడటం పెద్ద విషయం కాదు.

అందుకని మళ్లీ ఫోకస్ చేసే సందర్భాలు ముందే పెట్టుకోండి:
- ఉష్ణోగ్రత ఒకటిన్నర డిగ్రీ మారినప్పుడు
- ఫిల్టర్ మార్చినప్పుడు
- మౌంట్ పక్క మారినప్పుడు
- హెచ్‌ఎఫ్‌ఆర్ పదిశాతం పెరిగినప్పుడు

ఉష్ణోగ్రతను బట్టి మోటారు తనంతట తానే జరిగే ఆప్షన్ కూడా ఉంటుంది. దాన్ని మొదటి రోజే ఆన్ చేయకండి. మన లెక్క ప్రకారం డిగ్రీకి ఐదు స్టెప్పులు రావాలి, కానీ కటకాలు కూడా ఉష్ణోగ్రతతో మారతాయి కాబట్టి మీ టెలిస్కోపు అంకె వేరుగా ఉండొచ్చు. ఒక నోటుబుక్కులో ప్రతి ఆటోఫోకస్ తర్వాత రెండే అంకెలు రాయండి: ఉష్ణోగ్రత, స్థానం. మోటారుతో వచ్చే ఉష్ణోగ్రత సెన్సర్‌ను టెలిస్కోపు గొట్టానికి ఆనించి టేపు వేయండి, గాలిలో వేలాడితే గొట్టం వేడి దానికి తెలియదు. ఐదారు రాత్రులు అయ్యాక గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టండి. చుక్కలు ఒక వాలు గీత మీద కూర్చుంటే ఆ వాలునే సాఫ్ట్‌వేర్‌లో వేయండి. చెల్లాచెదురుగా పడితే ఆ ఆప్షన్ ముట్టుకోకుండా కప్లర్ మీది గీతను టార్చి వేసి మరోసారి చూడండి.